తెల్ల అద్దెకారు

కాస్మోర్‌తో కాపురం చెయ్యొచ్చు గానీ కారెక్కకూడదని వెర్లిన్ పెళ్లయిన కొత్తలోనే తేల్చుకుంది. కరియాకూ దీవి ఈ కొస నుంచి ఆ కొసకి అరగంట. కాస్మోర్ చేతిలో స్టీరింగ్ ఉంటే ఒక పూట. మలుపుకో హారన్, మనిషికో పలకరింపు, చెయ్యెత్తిన ప్రతివాళ్లకీ చోటు. ఓసారి మేకని తోలుకెళ్లే వాడిని కూడా ఎక్కమన్నాడు. మేకని ఎక్కడ పెట్టాలని అతను అడిగితే, వెర్లిన్ వైపు చూసి జరగమన్నాడు.

ఆ దీవిలో రోడ్డు పక్క గోడకి ఆనుకుని నిలబడ్డ మనిషిని దాటి పోవడమంటే మొహాన తలుపు వేసినట్టే. అందుకే కాస్మోర్ జీపు గేర్‌బాక్సు పాడై, నల్ల అద్దాల తెల్ల అద్దెకారు ఇంటికొచ్చినప్పుడు వెర్లిన్ లోలోపల మురిసిపోయింది. అద్దె నంబరు చూడగానే జనం టూరిస్టులనుకుని చూపు తిప్పుకునేవారు. ఎన్నాళ్లకో ఆమె అనుకున్న వేళకి అనుకున్న చోటికి చేరుతోంది.

ఆ రోజు పొద్దున్నే పెద్ద దీవి గ్రెనడాకి వెళ్లే పడవ అందుకోవాలి. పని పెద్దదేం కాదు, కర్టెన్ల గుడ్డ. తమ ఊరు విండ్‌వర్డ్ నుంచి బయల్దేరి కొండవాలు దిగుతుంటే స్కూలు గోడ దగ్గర ఊరందరికీ టాంటీ, అంటే అత్త అయిన ముసలి క్లెమీ, చర్చికి పెట్టుకునే టోపీతో, చెయ్యెత్తి నిలబడి ఉంది. కాస్మోర్ కాలు బ్రేకు మీదికి పోయింది.

"ఆపకు," అంది వెర్లిన్. "ఆవిడ ఎక్కేసరికే పావుగంట. ఆ పైన కోళ్ల పురాణం. పడవ వెళ్లిపోతుంది."

"అక్కడున్నది టాంటీ క్లెమీ, వెర్లిన్."

"నాకు కళ్లు లేవా? ఇందులో ఉన్నది మనమని ఆవిడకేం తెలుస్తుంది? వెనకాల ఎవరో ఒకరు వస్తార్లే."

కాస్మోర్ కాలు తీశాడు.

వెనకాల వచ్చింది సిమెంటు లారీ, అదీ చాలా ఆలస్యంగా. టాంటీ క్లెమీ దాంట్లోంచి దిగి రేవు మీదికి వచ్చేసరికి పడవ తాడు విప్పేశారు. డెక్కు మీంచి వెర్లిన్‌కి అంతా కనబడింది. ముసలావిడ చెయ్యెత్తి, కాసేపు అలాగే ఉంచి, దించి, టోపీ సర్దుకుంది. గ్రెనడా చేరేదాకా కాస్మోర్ వెనక్కి, రేవు వైపే చూస్తూ నిలబడ్డాడు. వెర్లిన్ కొట్లో మొదట చూపించిన గుడ్డే కట్టించుకుని వచ్చేసింది.

సాయంత్రం తిరిగొచ్చి పడవ దిగి రొట్టెల దుకాణం ముందుకి వస్తే, బల్ల మీద టాంటీ క్లెమీ.

"అద్దెకార్ల వాళ్లని అసలు రేవులోనే ఆపెయ్యాలి," అంటోంది దుకాణం ఎన్రీటా. "ఇవాళ గ్రెనడా కంటి ఆసుపత్రిలో ఈవిడ వంతు. నెలల తరబడి చూసిన వంతు. మళ్లీ ఎప్పుడో వాళ్లే కబురు పెడతారట."

"తిట్టకు పిల్లా, కొత్తవాళ్లు పాపం," అంది టాంటీ. "ముసల్ది పలకరిస్తోంది కాబోలు అనుకునుంటారు. ఈ పొరల కళ్లకి తెల్లగా ఏదో పోయినట్టే తప్ప మనుషులు కనబడరే." అలికిడికి ఇటు తిరిగింది. "ఎవరు, కాస్మోరా? నీ జీపు వస్తుందేమోనని చూశాన్రా అబ్బాయ్. అదైతే ఆగేది కదా."

కాస్మోర్ గొంతు సవరించుకున్నాడు. "టాంటీ, ఆ బండి నడిపింది నేనే."

ఎన్రీటా చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. ఇక అతను ఇంకో ముక్క చెప్పడని వెర్లిన్‌కి తెలుసు. ఊరు వారం రోజులు అతన్నే దులుపుతుంది, అతను తల వంచుకుని పడతాడు, తన పేరు ఎక్కడా రాదు. ఎంత సులువు. చంకలో గుడ్డ మూట రాయిలా బరువెక్కింది.

టాంటీ ఇంకా నమ్మనట్టు కాస్మోర్ వైపే మొహం పెట్టి ఉంది.

"ఆయన ఆపబోయాడు, టాంటీ," అంది వెర్లిన్. "వద్దన్నది నేను. నువ్వని తెలిసే వద్దన్నాను. తప్పు నాది."