కామాక్షమ్మ ఏడ్చిందా?

రోజారమణికి అన్నిటికన్నా పెద్ద భయం, తాను చచ్చిపోతానని. పోతే పోయింది, రెండో క్లాసు చదివే కూతురు చెంచులక్ష్మికి చేపలో ముల్లు తీసి పెట్టేదెవరు? మొగుడు వినోద్ వేట బాగా చేస్తాడు గానీ, ముల్లు తీయమంటే చేపను పచ్చడి చేసి పెడతాడు.

అలాంటిది ఆ పొద్దున మైపాడులో ఇంటి ముందు నెత్తళ్ళ చేపలు ఎండబెడుతుంటే, ఒక కాకి వచ్చి టపీమని ఆమె నెత్తిన తన్ని పోయింది.

కాకి తన్నితే గండం. అది పోవాలంటే మనిషి చచ్చిపోయినట్టు అయినవాళ్ళకు ఉత్తుత్తి కబురు పంపాలి. వాళ్ళు ఏడవాలి. ఏడ్చాక నిజం చెప్పేయవచ్చు. వినోద్ చూస్తే సముద్రం మీద ఉన్నాడు. తన చావు తానే ఫోన్‌లో చెప్పుకుంటే ఏం బాగుంటుంది? జువ్వలదిన్నెలో ఉన్న మేనత్త కామాక్షమ్మకు కలిపి, ఫోన్ కూతురి చేతిలో పెట్టింది.

"అవ్వా, మా అమ్మ చచ్చిపోయినాది," అంది చెంచు, మురుకు నములుతూ.

"అయ్యో! ఎట్టమ్మా?"

"కాకి తన్నింది. ఏం కాదులే అవ్వా. ఎప్పుడూ వానలు పడే పెద్ద అడవి ఉంటదంట, మా టీచరు చెప్పింది. ఆడ ఏది చచ్చినా రాబందులొచ్చి తింటాయంట. మిగిలింది పురుగులు, చీమలు తింటాయంట. ఇంకా మిగిలింది చెట్లకు బలం. అయ్యే లేకపోతే అడవంతా కంపే!"

రోజారమణి కూతురి తొడ గిల్లింది. "ఏడిపించవే అంటే పాఠం చెప్తావా?"

"రాబందులకేస్తారా, మా పిల్లని?" అవతల కామాక్షమ్మ అరిచింది. "ఆ వినోద్ గాడికి కట్టెలు దొరకలేదా?"

"మన కాడ రాబందులు లేవు గదా అవ్వా. కాకులు, కుక్కలు, ఎండ్రకాయలే ఉండాయి."

"ఎండ్రకాయలకా! ఎవుర్నీ తాకొద్దని చెప్పు. వస్తన్నా!"

ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

"ఏడ్చిందా?"

"లేదుమా. తిట్టింది."

తిట్లు ఏడుపు కిందికి వస్తాయా అని పక్కింటి ధనలక్ష్మిని అడిగితే, "కన్నీళ్ళు కారాల మే. తిడితే గండం ఇంకా ముదురుద్ది," అంది.

రోజారమణి నెత్తిన సత్తుగిన్నె బోర్లించుకుని, గడప దాటకుండా కూర్చుంది.

కామాక్షమ్మ ఇప్పటికి బస్సెక్కే ఉంటుంది. మీరెవరైనా జువ్వలదిన్నె వైపు నుంచి నెల్లూరు బస్సులో వస్తుంటే, వినోద్‌ను తిట్టిపోస్తున్న పొడుగాటి ముసలావిడ కనిపిస్తే, కాస్త దగ్గరికెళ్ళి మొహం చూడండి. కళ్ళు తడిగా ఉంటే రోజా బతికే ఉందని చెప్పి మంచినీళ్ళివ్వండి. పొడిగా ఉంటే మాత్రం ఇంకాసేపు ఏమీ చెప్పకండి.