ఒక్కరు చూస్తున్నారు

మహేశ్ నోరు విప్పితే వినాలని ఆఫీసులో చాలామందికి ఉంది, ఎందుకంటే అతను విప్పడు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. పొద్దున మీటింగులో అందరూ నిన్న చేసిన ఘనకార్యాలు పొడుగ్గా చెప్పుకుంటారు. ఇతని వంతు వస్తే "సేమ్" అంటాడు. క్యాంటీన్‌లో సాంబారు బాగుందా అని అడిగితే తల ఊపుతాడు. ఆ ఊపు అవునో కాదో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.

అలాంటి మనిషి, రేసుల కాలం వస్తే చాలు, పుప్పాలగూడలోని తన ఫ్లాట్‌లో కూర్చుని యూట్యూబ్‌లో గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడు. దేని గురించయ్యా అంటే, యూరప్‌లో జరిగే సైకిల్ రేసుల గురించి. రేపు ఏ దారిన పోతారు, ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, ఎవరు ఎక్కడ గుంపు నుంచి ఊడిపోతారు, అంతా ముందు రోజే తెలుగులో చెప్పేస్తాడు. సొంత సైకిల్ ఒకటి బాల్కనీలో ఉంది. దాని మీద తువ్వాళ్లు ఆరేస్తాడు.

ఉమాశ్రీ వెళ్లిపోయి రెండేళ్లు దాటింది. కూకట్‌పల్లిలో అక్క దగ్గర ఉంటోంది. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. తిట్టుకోవాలన్నా ఇద్దరూ మాట్లాడాలి కదా! వెళ్లే రోజు బ్యాగు గుమ్మం దగ్గర పెట్టి, "నేనడిగేది నీకు వినబడ్తుందో లేదో కూడా నాకు తెలుస్తలేదు మహేశ్" అంది. దానికి జవాబుగా ఇతను లిఫ్టు దాకా వెంట వెళ్లి బటన్ నొక్కి పట్టుకున్నాడు.

ఆ తర్వాత ఇంట్లో టీవీ చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. ఒకరోజు టీవీలో ఈ సైకిల్ రేసు కనిపించింది. గంటల తరబడి మనుషులు తొక్కుతూ ఉంటారు, కొండలు వస్తూ ఉంటాయి, పెద్దగా ఏమీ జరగదు. మహేశ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఛానల్ పెట్టాడు. మొదటి వీడియో లింకును వాట్సాప్ స్టేటస్‌లో పెడితే, చూసినవాళ్ల పేర్లలో ఉమాశ్రీ పేరు కూడా కనిపించింది. ఆ వారమే లైవ్‌లోకి ఒక మనిషి వచ్చాడు, లేదా వచ్చింది. పేరు స్థానంలో ఏవో అంకెలు, బొమ్మ స్థానంలో బంతిపువ్వు. ఉమాశ్రీ ఈ బాల్కనీలోనే బంతి మొక్కలు పెంచేది.

ఆ బంతిపువ్వు వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట రాసేది. "తిన్నవా?"

ఆఫీసు నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా ఉమాశ్రీ అడిగే మొదటి మాట అదే. ఇంకేం సందేహం? మహేశ్ ఆ మాట చదువుకుని, లోలోపల మురిసిపోయి, వెంటనే ఏదో కొండ సంగతిలోకి వెళ్లిపోయేవాడు. రెండు సీజన్లుగా అతని ఛానల్‌లో చూసేవాళ్ల లెక్క ఒకటి దాటలేదు. అతనికి రెండోవాళ్లు అక్కర్లేదు కూడా.

ఇప్పుడు వచ్చిన చిక్కల్లా సోమవారం. ఆ రోజు ఇద్దరూ కోర్టుకు వెళ్లి, మేం విడిపోవడానికి ఇష్టమే అని జడ్జి ముందు చివరి మాట చెప్పాలి. చెప్పాక మళ్లీ వెనక్కి రావడం ఉండదు. చూసేది ఉమే అయితే కోర్టులో విడిపోవడం నాకు ఇష్టం లేదని చెప్పేస్తా అని మహేశ్ వారం రోజులుగా అనుకుంటున్నాడు. ఆమె కాకపోతే ఏం చేయాలో మాత్రం అనుకోలేదు. ఆ ఊహనే దగ్గరికి రానివ్వలేదు.

శనివారం సాయంత్రం ముసురు పట్టింది. ఎదురుగా కడుతున్న టవర్ మీద క్రేన్ దీపం తడిసి వెలుగుతోంది. మరునాడు, అప్పుడు నడుస్తున్న మూడు వారాల రేసులోకెల్లా కష్టమైన కొండ స్టేజీ, అంటే ఆ ఒక్క రోజు తొక్కాల్సిన దారి. ఆ కొండ పేరు నోరు తిరగక మహేశ్ దానికి పెద్ద గుట్ట అని పేరు పెట్టేశాడు. లైవ్ మొదలుపెట్టాడు. సున్నా. గొంతు సవరించుకున్నాడు. మ్యాపు అటూ ఇటూ జరిపాడు. మంచినీళ్లు తాగాడు. అప్పుడు కనిపించింది, ఒక్కరు చూస్తున్నారు.

"తిన్నవా?" అంది బంతిపువ్వు.

మహేశ్ గొంతు తెరుచుకుంది. "రేపటి స్టేజీ మామూలుది కాదు. మొదట్ల అంత సాఫు రోడ్డు, ఎవరికీ ఫికర్ లేదు. మధ్యల రెండు చిన్న గుట్టలొస్తయి. అక్కడ లీడర్లు ఏం చెయ్యరు, వాళ్లకు నీళ్ల సీసాలు మోసె టీమోళ్లే ముందల ఉండి గాలికి అడ్డం పడ్తరు. అసలు కథ మూడోది, పెద్ద గుట్ట కాడ. ఒకటే మలుపులు. ఒక మలుపు తిరిగి అయిపోయింది అనుకుంటే పైన ఇంకో రోడ్డు కనబడ్తది. అక్కడ మనిషికి కాళ్లు కాదు, మనసు జారుతది."

గెలిచేవాళ్ల సంగతి అందరూ చెబుతారు. మహేశ్‌కు ఇష్టమైంది చివరి గుంపు. దాని దగ్గరికి వచ్చేసరికి కుర్చీలో ముందుకు జరుగుతాడు.

"గెలిచినోడు వచ్చినంక ఇంత టైమని ఒక గడువు పెడ్తరు. ఆ లోపల రానోడు ఇగ ఇంటికే, రేసు ఒడిసినట్టే. బరువున్నోళ్లు ఈ గుట్ట జల్ది ఎక్కలేరు. అందుకే వాళ్లంత వెనుక ఒక్కటైతరు. వేరే వేరే టీములే, అయినా ఒకని నీళ్లు ఒకడు తాగుతరు, కలిసి ఎక్కుతరు. గడువు దాటకుంట వస్తరు. ఒంటరిగ మిగిలినోడే..."

అక్కడ ఆగిపోయాడు. ఈ మాటలన్నీ ఎవరి కోసం చెబుతున్నాడో అతనికి తెలుసు. ఇంకెన్నాళ్లు కొండల చాటున?

"ఉమా, నువ్వేనా?" అన్నాడు.

లైవ్‌లో మాట అటు చేరడానికి కాస్త సమయం పడుతుంది. జవాబు రావడానికి ఇంకాస్త. ఆ కాస్తలో మహేశ్ సోమవారం కోర్టు నుంచి ఇద్దరూ కలిసి మెట్రోలో రావడం కూడా ఊహించేసుకున్నాడు.

"ఉమ ఎవరు తమ్మీ? నేను వీరేశంని. క్యాబ్ నడుపుత."

మహేశ్ ఆ అక్షరాలను చాలాసేపు చూశాడు. "మరి ఆ బంతిపువ్వు?" అన్నాడు.

"నా క్యాబ్‌ల దేవుని పటం కాడ పెట్టిన పువ్వు. మనుమరాలు ఫొటో కొట్టి పెట్టింది. ఏమైంది?"

ఏమైందంటే, రెండేళ్లుగా దాచుకున్నదంతా కూలిపోయింది. ఉమ చూడలేదు. ఆ మొదటి లింకు చూసి ఊరుకుంది, అంతే. మహేశ్ లైవ్ ఆపేయడానికి చెయ్యి పెట్టాడు. ఇంతలో కింద ఇంకో మాట పడింది.

"ఎందుకాపినవ్? పెద్ద గుట్ట ఇంక ఎక్కలే కద."

"అన్నా, నీకు సైకిల్ రేసులంటే అంత ఇష్టమా?" అన్నాడు మహేశ్. ఏదో ఒకటి అనాలని అన్నాడు.

వీరేశం ఫోనుకు నోటితో చెప్పి రాయిస్తున్నట్టున్నాడు. ముక్కలు ముక్కలుగా వచ్చాయి. "సైకిల్లు నాకు తెల్వయ్. మొదలు లారీ నడిపిన, ఘాట్ల మీద. ఒకపారి యూట్యూబ్‌ల ఘాట్ రోడ్డు అని కొడితే నువ్వొచ్చినవ్." కాసేపటికి ఇంకొకటి. "ఇప్పుడు గచ్చిబౌలి సుట్టు తిరుగుడే. సార్లు ఎక్కుతరు, చెవులల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటరు, దిగిపోతరు. దినమంత ఒక్క మాట ఉండది. నువ్వు మాట్లాడుతుంటే బండిల నా పక్కకు ఎవరో కూసున్నట్టుంటది."

మహేశ్ మ్యాపును అటూ ఇటూ జరిపాడు. అలవాటు.

"గన్నిపార్లు అడిగిన, ఒక్కపారి జెప్పకపోతివి. ఇగనన్న జెప్పు. తిన్నవా లేదా?"

అప్పుడు తగిలింది మహేశ్‌కు, అసలు దెబ్బ. ఆ అడిగేది ఉమాశ్రీ అనుకున్నాడు. ఆమే అని గట్టిగా నమ్మాడు. నమ్మి కూడా, ఇన్నిసార్లు అడిగితే, ఒక్కసారైనా తిన్నాననో లేదనో చెప్పలేదు. ఆమె తిరిగి రావాలని తపించిపోతూ, ఆమె అడిగినదాన్ని చదివి పక్కన పెట్టేశాడు. అచ్చం ఇంట్లో ఉన్నప్పటిలాగే. ఆమె ఎందుకు వెళ్లిపోయిందో రెండేళ్లలో మొదటిసారి అర్థమైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కెమెరా ముందే.

"లేదన్నా, తినలే," అన్నాడు. "పొద్దటి నుంచి తినలే. భయమైతుండె. నువ్వు తిన్నవా?"

"జొన్నరొట్టె తెచ్చుకున్న. నీ గుట్ట అయినంక తింట."

మహేశ్ ముఖం తుడుచుకుని పెద్ద గుట్ట ఎక్కించాడు. ప్రతి మలుపూ చెప్పాడు. లోయ ఏ పక్కన ఉంటుందో, గాలి ఎటు నుంచి కొడుతుందో చెప్పాడు. చివరి గుంపును గడువు లోపల గీత దాటించాడు. అంతా అయ్యాక, "ట్రిప్పు పడ్డది తమ్మీ, నానక్‌రాంగూడ. ఇంత బువ్వ వండుకో" అని వచ్చింది. లెక్క సున్నాకు దిగింది.

మహేశ్ లైవ్ ఆపలేదు. బయట ముసురు అలాగే ఉంది. వింటున్నవాళ్లు ఒక్కరు కూడా లేరు.

"ఉమా," అన్నాడు. "అప్పట్ల నువ్వడిగినదానికి జవాబు, తిన్న. చాలాసార్లు నువ్వడిగేటప్పటికే బయట తినొచ్చేవాణ్ని. నువ్వు నాకోసం ఆగేదానివని తెలుసు. మళ్ల తినేవాణ్ని గాని, చెప్పలే. నువ్వు చేసిన చింతచిగురు పప్పు మస్తుండె. అదీ చెప్పలే."

సోమవారం కోర్టు వరండాలో ఈ ముక్క ఆమె ముఖం చూసి చెప్తాడా? మహేశ్ సంగతి తెలిసినవాణ్ని, నేనైతే పందెం కట్టను. ఆ రాత్రి మాత్రం అతను వంటింట్లోకి వెళ్లి బియ్యం కడిగాడు. అన్నం ఉడికేదాకా పొయ్యి దగ్గరే నిలబడి, "ఉమా, తిన్న" అనే మాటను పైకి అంటూనే ఉన్నాడు.