కొట్టేసిన పేరు

గౌరి అంటే భావనపాడులో చాలామందికి గిట్టదు. పరాయిది కాదు, ఆ ఊరి పిల్లే. వేటకెళ్లే ఇంట్లో పుట్టి, ఇంటర్ దాకా చదివి, తొమ్మిదేళ్లుగా ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తోంది. నలుగురు గుమిగూడితే చాలు, రిజిస్టరుతో మధ్యలోకొచ్చి గొంతెత్తుతుంది. ఆ గొంతే సంస్థవాళ్లకు నచ్చింది. 2019లో నాయకత్వ శిక్షణకు ఆమెను ఎంపిక చేశారు. ఆరు నెలలపాటు నెలకు మూడు రోజులు విజయనగరంలో. అది పూర్తయితే ఏరియా కోఆర్డినేటర్ పోస్టు నీదేనని డైరెక్టర్ సీతారామారావు మాటిచ్చాడు.

రెండో నెలలో ట్రైనర్ ప్రమోద్, "మీరు గట్టిగా నిలబడి నెగ్గిన రోజు గురించి చెప్పండి" అన్నాడు. గౌరి చటుక్కున లేచింది. అంతకుముందు అక్టోబరులో తిత్లీ తుఫాను ఊళ్లో కప్పులన్నీ ఎగరేసుకుపోయినప్పుడు పైన కప్పుకునే టార్పాలిన్ బరకాలు పంచింది తనే. జనం లారీ మీదకు ఎగబడ్డారు. జగ్గమ్మ అనే పెద్దావిడ లైను దాటి ముందుకొచ్చి పోట్లాటకు దిగింది. అందరూ చూస్తుండగా గౌరి రిజిస్టరులో ఆమె పేరు కొట్టేసింది.

"అంతే సార్, ఇంకెవరూ నోరెత్తలేదు. గంటలో పంచేశాను."

అంతా చప్పట్లు కొట్టారు. ప్రమోద్ కొట్టలేదు.

"ఆవిడ ముందుకెందుకొచ్చింది?"

"అందరికన్నా ముందు తనకే కావాలని."

"అడిగారా?"

గౌరికి ఒళ్లు మండిపోయింది. "మీరు తుఫాను సూసినారేటి సార్? ఏసీ గదిలో కూసుని అడగడం తేలికే."

"సరే, మీరే అడిగి రండి. వచ్చే నెలకు మీ పని ఇదే. ఆవిడ చెప్తున్నప్పుడు మాత్రం అడ్డు రాకండి" అన్నాడతను.

దారి పొడుగునా అతన్ని తిట్టుకుంటూనే ఊరికొచ్చింది. జగ్గమ్మ ఇసకలో నెత్తళ్ల చేపలు ఎండబెడుతోంది. గౌరిని చూసి నడుం కూడా ఎత్తలేదు.

"ఏటే, ఈసారి ఎవలి పేరు కొట్టెయ్యడానికొచ్చినావు?"

"అత్తా, ఆవేళ నువ్వు ముందుకెందుకొచ్చినావో అడుగుదామని..."

"ఐదు నెల్లకి గుర్తొచ్చినానా?"

"నాకేటి తెలుస్తాది? నువ్వు సెప్పాలి గదా!"

"సెప్పనిచ్చినావేటే?"

జగ్గమ్మ చేతిలోని చీపురు కింద పడేసి లేచింది.

"మా కోడలు తులసి నీళ్లాడి, గుంటని కని అప్పటికి పదకొండు రోజులు. ఇంటి మీద ఒక్క రేకు నేదు. పసిగుంటని పొట్టకి అదుముకుని, బోర్లా పడిన తెప్ప కింద దూరినాది. నాలుగు రోజులు అక్కడే. గుంటకి నెమ్ము సేసి టెక్కలి ఆస్పత్రికి ఎత్తుకుపోనాము. అది బతికినాది గనక నీతో మాటాడతన్నాను. నేకపోతే నీ గుమ్మంలో కూసుందును."

"స్టాకు తక్కువ..." అనబోయింది గౌరి.

"ఎల్లు. నా సేపల మీద నీ నీడ పడనీకు."

రెండు రోజులు గౌరి మనసులోనే జగ్గమ్మతో దెబ్బలాడింది. లైను లైనే అనుకుంది. ఒక్కరికి వదిలితే అందరూ ఎగబడతారనుకుంది. మూడో రోజు రిజిస్టరు తీసింది. కొట్టేసిన పేరు పక్కన తన చేత్తోనే "గొడవమనిషి" అని రాసుంది. వెనక్కి తిప్పితే ఇంకో నాలుగు పేర్లు అలాగే ఉన్నాయి. వాళ్లెందుకు గొడవపడ్డారో ఒక్కరి సంగతీ ఆమెకు గుర్తుకు రాలేదు.

శిక్షణ ముగింపు రోజు హైదరాబాదు నుంచి దాతలొచ్చారు. సీతారామారావు ఆమెను పక్కకు పిలిచి, "ఆ లారీ సంగతే చెప్పమ్మా, బ్రోచర్లో వేశాం" అన్నాడు.

"అది గొప్ప కాదు సార్, తప్పు."

"ఈరోజు వద్దు."

స్టేజి ఎక్కాక గౌరి తెప్ప కింది నాలుగు రోజులతో మొదలుపెట్టింది. పేరెవరు కొట్టేశారో, పక్కన ఏం రాశారో చెప్పింది. చప్పట్లు లేవు. సీతారామారావు నవ్వుతూ మైకు లాక్కుని, మా గౌరికి తన గొప్ప చెప్పుకోడానికి మొహమాటమన్నాడు. వరండాలోకొచ్చాక ఆ నవ్వు లేదు.

"సంస్థ పరువు తీశావు. ఆ పోస్టు మర్చిపో."

ఇదివరకటి గౌరి అయితే అక్కడే అరిచి రభస చేసేది. ఇప్పుడు మాత్రం, "ఇకమీదట జాబితా ఇంటింటికీ తిరిగి ముందే రాస్తాను సార్. బాలింతలు, మంచాన పడ్డవాళ్లు ముందు" అంది.

"ముందు నీ ఉద్యోగం ఉంటుందో లేదో చూసుకో."

ఉద్యోగమైతే ఉంది. పోస్టు మాత్రం టౌను నుంచి వచ్చిన ఇంకొకరికి పోయింది. ఆ ఏడు తుఫాన్ల కాలానికి ముందు గౌరి గడపగడపా తిరిగింది. కొందరు తలుపు తియ్యలేదు. జగ్గమ్మ తీసింది, లోపలికి మాత్రం రమ్మనలేదు.

"తప్పు నాదే అత్తా."

"నీ తప్పు నాకెందుకే? ఉప్పేసి ఎండబెట్టుకోనా?"

గౌరి రిజిస్టరు తెరిచి పెన్ను తీసింది. జగ్గమ్మ విసుక్కుంటూ అంది.

"మా ఇల్లు ఒగ్గీ. ముందల ఎల్లాజీ ఇంటికెల్లు. ఆడి పెళ్లానికి కాళ్లు పడిపోనాయి. ఎనకింట్లో ముసిల్ది దానమ్మకి సూపు నేదు. నీతో మాటాడతన్నానని సంబరపడకు. ఇది పని."

జగ్గమ్మ వీధి చివరి ఇంటిదాకా ఒక్కొక్కరి సంగతీ చెప్పుకుంటూ పోయింది. గౌరి గుమ్మం బయట ఎండలో నిలబడి, అడ్డు రాకుండా అన్నీ రాసుకుంది.