నోరు మూసుకున్న ఇంజిన్లు

ఈ మధ్య ప్రపంచం చాలా మెత్తబడిపోయిందని ట్యూనర్‌కి అనిపిస్తూ ఉండేది. వాన పడితే చప్పుడు లేదు. కిటికీ అవతల కరెంటు తీగ మీద పిట్టలు నోళ్ళు తెరిచి మూస్తున్నాయి గానీ ఇదివరకటిలా గోల చెయ్యడం మానేశాయి. ఓ రోజు కెటిల్ ఈల వెయ్యకుండానే మరిగిపోయి, మూత గంతులేసి, నీళ్ళు ఒలికి పొయ్యి ఆరిపోయింది. పక్కనే కుర్చీలో కూర్చున్న ఈయనగారు ఆ ఆవిరి వంక చూస్తూ ఉండిపోయాడు. వాళ్ళావిడ పరుగెత్తుకొచ్చి, "ఏ లోకంలో ఉన్నావయ్యా మహానుభావా! వీధి చివరిదాకా వినపడుతోందే ఆ ఈల" అంటే, నవ్వి ఊరుకున్నాడు.

యాభై దాటాక మనిషికొచ్చే ప్రశాంతత ఇదే కాబోలు అనుకున్నాడు. ప్రశాంతతట! ముక్కు మీద కోపం పెట్టుకు తిరిగే మనిషికి ప్రశాంతత ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందండీ? ఆ మాట అప్పుడే ఎవరైనా నిలదీసి అడగాల్సింది. ఎవరూ అడగలేదు.

ఆయన పనేంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. టర్బో బిగించిన ఇంజిన్ మామూలు ఇంజిన్ కంటే ఎక్కువ గాలి మింగుతుంది. మింగిన గాలికి తగ్గ పెట్రోలు అందాలి. పెట్రోలు ఎక్కువైతే బండి నల్లపొగ కక్కుతూ మత్తుగా నడుస్తుంది. తక్కువైతే మహా హుషారుగా ఉంటుంది, కాసేపు. ఆ తర్వాత లోపల వేడెక్కి పిస్టన్ కరిగిపోతుంది. బండి పరుగెడుతుండగా పక్క సీట్లో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఆ పెట్రోలుని చిటికెడు తీసి, చిటికెడు వేసి, సరైన చోట నిలబెట్టడమే మనవాడి పని.

మింగిన గాలికి పెట్రోలు ఎంత పడుతోందో చూపించే మీటర్లున్నాయి. మనవాడి దగ్గరా ఒకటుంది. కానీ మీటరు గుమ్మం దాకానే తీసుకెళ్తుందనీ, లోపలికి చెవే తీసుకెళ్ళాలనీ ఆయన పట్టుదల. ఇంజిన్ దిమ్మకి చిన్న మైకు బిగించి, తీగ లాగి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటాడు. పెట్రోలు తీస్తూ పోతే ఒకచోట సన్నగా, రేకు డబ్బాలో గులకరాళ్ళు కదిపినట్టు చప్పుడొస్తుంది. వినపడగానే రెండు చిటికెలు వెనక్కి వేసి ఆగిపోవాలి. చివరి విడతలో మీటరు మీద గుడ్డ కప్పేసేవాడు, సూది వంక చూస్తే చెవి బెదిరిపోతుందని. బండి ఊపులో ఉండగా నడిపేవాళ్ళు నోరెత్తకూడదు. అదీ ఆయన షెడ్డు చట్టం. ఆ పనితనమంటే నలుగురూ చెవికోసుకునేవాళ్ళు.

అలాంటిది, కొన్నాళ్ళుగా ఏ ఇంజినూ కిక్కురుమనడం లేదు. పెట్రోలు తీసినకొద్దీ తీయించుకుంటున్నాయి, బుద్ధిమంతుల్లాగా. మొదట్లో హెడ్‌ఫోన్స్ మందగించాయేమోనని కొత్తవి కొన్నాడు. వాటిలోనూ అంతే. దాంతో తన చేతిలోకే ఏదో మహత్తు దిగిందని తేల్చుకున్నాడు. రాత్రిళ్ళు కలలో కూడా ఇంజిన్లు వరసగా నిలబడి, నోరు మూసుకుని, ఆయన వంక చూసేవి. ఎంత హాయిగా ఉండేదో!

ఇంతలో లెక్కల మాస్టారి బండి పోయింది. ట్యూన్ చేసిన వారానికే పిస్టన్ కరిగింది. మాస్టారు బండిని తాడు కట్టి లాగించుకొస్తే, మనవాడు నలుగురి ముందూ దులిపేశాడు. "ఏ బంకులో పోయించారండీ? కల్తీ సరుకు పోసి కాలు అదిమిపెట్టి తొక్కితే ఇంజిన్ ఏం చేస్తుంది, కూర్చుని మీ దగ్గర ఎక్కాలు నేర్చుకుంటుందా?" అన్నాడు. మాస్టారు మొహం చిన్నబుచ్చుకుని, తలొంచుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత టైలర్ బండి పోయింది. ఆయన మీదా నిప్పులు చెరిగాడు. ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. బండి సామాన్ల కొట్టతను తప్పు నీదేనేమోనని మొహం మీదే అడిగితే ఒళ్ళు మండి, "రేపు మా చెల్లెలి బండి ట్యూన్ చేస్తున్నా. అది కూడా పోతే షెడ్డుకి తాళం వేసేస్తా, పో" అని ఒట్టు పెట్టుకొచ్చాడు.

ఆ బండి సంగతి వేరు. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆదివారాలు ధారపోసి, తుక్కులోంచి తెచ్చిన చిన్న కారుకి తమ చేతుల్తో టర్బో కట్టుకున్నారు. అలాంటి ఇంజిన్ దిమ్మ ఇప్పుడు వెతికినా దొరకదు. చెల్లెలు కొండ అవతలి ఆసుపత్రిలో నర్సు. చాలా నెలల తర్వాత సెలవులకి వచ్చింది. ఎల్లుండి ఆ బండిలోనే డ్యూటీకి తిరిగి వెళ్ళాలి. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కొత్తవి వేశారు కాబట్టి పెట్రోలు లెక్కంతా మొదటినించీ సరిచెయ్యాలి.

తెల్లవారాక ఇద్దరూ కొండదారి పట్టారు. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే రోడ్డు పది బారల అవతల పాలల్లో మునిగిపోతోంది. మలుపు తిరిగినప్పుడల్లా ఓ చెట్టు వచ్చి పలకరించి వెళ్ళిపోతోంది. పక్క సీట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న ట్యూనర్‌కి అంతా నీళ్ళ అడుగున జరుగుతున్నట్టుంది. కింద ఇంజిన్ మెత్తగా గురక పెడుతోంది. లోయా లేదు, ఆకాశమూ లేదు. ఉన్నదల్లా ఆ గురకే. ఇలాగే ఎక్కడికో వెళ్ళిపోతే బాగుండుననిపించింది.

"నిద్రపోతున్నావా అన్నయ్యా?" అంది చెల్లెలు.

"నోరు ముయ్యవే. నడుపు" అన్నాడు ముద్దుగానే.

మీటరు మీద గుడ్డ కప్పాడు. వేలితో ఓ మీట నొక్కాడు. చిటికెడు తీశాడు. బండి చురుకెక్కింది. ఇంకో చిటికెడు. ఎత్తు మొదలైంది, చెల్లెలు కాలు అదిమింది, టర్బో ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా ఊదింది. వీపు సీటుకి అతుక్కుపోయింది. మంచు లోపలికి పోయేకొద్దీ గాలి చల్లబడుతోంది. చల్లగాలి చిక్కగా ఉంటుంది, దానికి పెట్రోలు ఇంకా కావాలి. ఆ సంగతి మనవాడికి తెలియదా? తెలుసు. కానీ చెవిలో ఇంజిన్ జోలపాడుతోంది. ఏ ఇబ్బందీ లేదంటోంది. ఇంకో చిటికెడు తీశాడు.

చెల్లెలు ఓసారి చురుక్కున ఆయన వంక చూసింది. ఆయన కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు. ఇంకో చిటికెడు తియ్యడానికి వేలు లేచింది.

చెల్లెలు కాలు తీసేసింది. బండి ముందుకి తూలి, ఊపు చచ్చి, రోడ్డు పక్క గడ్డిలో ఆగింది.

"ఏమే, బుద్ధుందా? ఊపులో ఉండగా కాలు తీస్తారా ఎవరైనా?" అని అరిచాడు హెడ్‌ఫోన్స్ లాగేసి.

"అన్నయ్యా, గులకరాళ్ళు."

"ఎక్కడ?"

"ఎక్కడేంటి? కిందటి మలుపు నించీ డబ్బా నిండా కదుపుతున్నట్టు మోగుతుంటే! నువ్వు ఇప్పుడు ఆపుతావు, ఇప్పుడు ఆపుతావు అని చూస్తున్నా. నువ్వేమో ఇంకా తీస్తున్నావు. నాకు మైకు కూడా అక్కర్లేకపోయింది."

"భ్రమపడ్డావు."

"షెడ్డులో పెరిగినదాన్ని. నాకు చెప్పకు" అంది.

ట్యూనర్ దిగాడు. బానెట్ ఎత్తి, ఇంజిన్ కాస్త చల్లారేదాకా నిలబడి, గుడ్డతో పట్టుకుని ఓ స్పార్క్ ప్లగ్ విప్పాడు. వెలుతురికి ఎత్తి చూశాడు. తెల్లటి పింగాణీ మీద సూదిమొనంత వెండి చుక్కలు. రెండు, మూడు. పిస్టన్ మీది లోహం కరిగి ఎగిరి అక్కడ అంటుకుంటే వచ్చే చుక్కలవి. ఇంకో మలుపు పోయి ఉంటే పిస్టన్‌కి చిల్లు పడేదే. మాస్టారి ప్లగ్ మీద కూడా సరిగ్గా ఇవే చుక్కలుంటే, కల్తీ పెట్రోలు అని కొట్టిపారేశాడు. టైలర్ బండి ప్లగ్ విప్పి చూడనే లేదు.

"ఇక్కడేమైనా వినపడుతోందా?" అని అడిగాడు, అటు తిరక్కుండానే.

చెల్లెలికి అర్థం కాలేదు. "ఏం వినపడాలి?"

"ఏదైనా. చెప్పవే."

ఆమె కాసేపు విని, "పిట్టలు. బోలెడున్నాయి, కనపడటం లేదు గానీ. చిమ్మెటలు. ఇంజిన్ చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. కింద ఎక్కడో సన్నగా నీళ్ళు కారుతున్నాయి" అంది.

ట్యూనర్‌కి ఆమె మాట వినపడుతోంది, అక్షరం పొల్లుపోకుండా. ఆమె చెప్పినవాటిలో ఒక్కటీ లేదు. చుట్టూ మంచు, తెల్లగా, దూదిలాగా. ఇన్నాళ్ళూ ప్రశాంతత అనుకున్నది ఇదన్నమాట. ఇంజిన్లు నోరు మూసుకోలేదు. ఏడ్చి ఏడ్చి కరిగిపోయాయి, ఈయనగారు కళ్ళు మూసుకుని జోలపాట వింటూ ఉంటే! రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాడు.

"నాకు సన్న చప్పుళ్ళు పోయాయే" అన్నాడు. "ఆ ఇద్దరి ఇంజిన్లూ నేనే కాల్చాను. కాల్చి వాళ్ళనే తిట్టాను. నీదీ కాల్చేవాణ్ణి."

చెల్లెలు పక్కన కూర్చుని ఆయన భుజం మీద చెయ్యి వేసింది. నర్సు కదా, ఎప్పటినించి, ఒక చెవా రెండు చెవులా అని అడగబోయి, ఆయన మొహం చూసి ఊరుకుంది. మనవాడు పసిపిల్లాడిలా ఏడ్చాడు. మంచులో ఎవరు చూడొచ్చారు గనక, హాయిగా ఏడ్చాడు.

తర్వాత ప్లగ్ బిగించి, మీటరు మీది గుడ్డ తీసి, తీసిన పెట్రోలంతా వెనక్కి పోశాడు. ఇంకాస్త ఎక్కువే పోశాడు. "మత్తుగా నడుస్తుంది, ఫరవాలేదు. రేపు క్షేమంగా వెళ్తావు. చెవులున్న వాళ్ళెవరైనా మిగతాది చూస్తారు" అన్నాడు. బండి నెమ్మదిగా కొండ దిగింది. ఊరి మొదట్లో మంచు విడిపోతుండగా, "ఇంటికేనా?" అని చెల్లెలు అడిగింది.

"కాదు. మాస్టారింటికి పోనియ్యి. ఆయన్నే ఎక్కువ తిట్టాను."

మాస్టారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. ట్యూనర్‌ని చూడగానే కంగారుగా లేచి, పేపరు జారవిడిచి, గేటు దాకా ఎదురొచ్చాడు. "అయ్యో, మీరొచ్చారేంటండీ! నేనే వచ్చి క్షమించమని అడుగుదామనుకుంటున్నా. మీరు కోప్పడ్డాక ఆ బంకు మానేశానండీ. మా అమ్మాయి స్కూటర్‌కి కూడా అక్కడ పోయించడం లేదు, ఒట్టు."

ఆయన తిడితే బాగుండేదనిపించింది ట్యూనర్‌కి. తిట్లు తినడానికే కదా దారంతా గుండె చిక్కబట్టుకుంటూ వచ్చింది.

"మాస్టారూ, మీ పెట్రోలు మంచిదే" అన్నాడు ఎలాగో. "మీరు నడిపిందీ సరిగ్గానే. ఇంజిన్ మొత్తుకుంటుంటే నాకు వినపడలేదు. నాకు చెవులు పోయాయండీ. ఆ రోజు అందరి ముందూ మిమ్మల్ని అన్నాను. అది తప్పు. ఇంజిన్ నేను కట్టించి ఇస్తాను, వేరేవాళ్ళ చేత."

మాస్టారి మొహంలో కోపం వచ్చిందో, జాలి కలిగిందో, రెండూ ఒకదాన్నొకటి తోసుకున్నాయో. చివరికి ట్యూనర్ చెయ్యి పట్టుకుని, ఆయన చెవి దగ్గరికి వంగి, ఆఖరి బెంచీ పిల్లలకి పాఠం చెప్పినట్టు, గొంతెత్తి, ఒక్కో మాటా విడదీసి, "లోపలికి... రండి... కూర్చోండి" అని అరిచాడు. వీధిలో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు.

"మాటలు బాగానే వినపడతాయండీ అన్నయ్యకి" అని చెల్లెలు కారు దగ్గరనించి చెప్పబోయింది. ట్యూనర్ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. చెప్పులు విప్పి, మాస్టారు అరుస్తూ దారి చూపిస్తుంటే, ఆయన వెనకాలే తలొంచుకుని లోపలికి నడిచాడు.