జాన్‌బీ ఎంచిన చాసిస్

తెల్లవారుజామున ఫజర్ అజా వినబడగానే నజీరు మంచం మీద లేచి కూర్చుంటాడు. రెండు కాళ్లనూ చేతులతో ఎత్తి కిందికి దించుకుంటాడు. భార్య సిద్దికా చార్జింగులోంచి బ్యాటరీ తీసి బండిలో అమర్చి, బండిని గడప అవతల పెడుతుంది. బండంటే పెద్దదేం కాదు, మూరెడు పొడవుండే రిమోట్ కారు. నజీరు మీట నొక్కుతాడు. బండి జానెడు కదులుతుంది, అతను లేచి నిలబడతాడు. ఇక బండి ముందు, మనిషి వెనక. వీధిలో ఎదురైనవాళ్లు సలాం చెప్పి, చార్జింగ్ నిండుగా ఉందా అని అడుగుతారు. అతను కూడా వాళ్ల పిల్లల గురించి అడుగుతాడు. మసీదు మెట్ల పక్కన ఆ బండి కోసమే కమిటీవాళ్లు సిమెంటుతో ఏటవాలు కట్టించారు.

గుంటూరు పొలిమేరలో, మిర్చి కల్లాల వెనకున్న వీధి అది. నజీరు ఒకప్పుడు గొడౌన్లో హమాలీ. మిర్చి టిక్కీ బస్తాల దొంతర విరిగి మీద పడ్డాక నడుం కింద ప్రాణం లేకుండా పోయింది. మంచాన పడ్డ మనిషికి పొద్దుపోవాలని పక్కింటి సుభానీ ఎక్కడో పాత రిమోట్ కారొకటి తెచ్చిచ్చాడు. నజీరు తల్లి జాన్‌బీ రోజూ నమాజు కాగానే ముందు కొడుకు మోకాళ్ల మీద, తర్వాత ఆ కారు మీద దువా చదివి ఊదేది. ఒకరోజు కారు గచ్చు మీద కదిలింది, కాళ్లు మంచం మీద కదిలాయి. అల్లా ఇవ్వదలుచుకుంటే ఏ కిటికీలోంచైనా ఇస్తాడు కదా! డాక్టరు గారు కూడా చూసి, రోజూ నడవమనీ, బ్యాటరీ పూర్తిగా దిగిపోనివ్వద్దనీ చీటీ మీద రాశారు.

అయితే కాళ్లున్నది బండంతట్లో కాదు, మోటార్లో. టైర్లు మారిస్తే ఏమీ కాలేదు. మోటారు తీసి వేరేది పెట్టి చూస్తే నజీరు ఉన్నచోటే కూలబడ్డాడు. పాతది మళ్లీ పెడితేనే లేచాడు. అది కాలిపోతే మళ్లీ మంచమేనని వీధి మొత్తానికీ తెలుసు.

ఆ ఏడు జాన్‌బీకి కడుపులో పుండు తేలింది. పెద్దాసుపత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆమె ఏడవలేదు. ఒక్క మాట అడిగింది.

"నా జనాజాకి నువ్వు భుజం పట్టాల్రా."

నజీరు తల ఊపాడు. ఆ క్షణం నుంచి అతనికి నిద్ర లేదు. ఎందుకంటే ఆ పాత బండికి వెనక చక్రాలే తిరుగుతాయి. మిర్చి దుమ్ము పడ్డ రోడ్డు మీద మలుపు తిరిగినప్పుడల్లా దాని వెనక భాగం జారుతుంది, దాంతోపాటే నజీరు నడుమూ జారుతుంది. ఖాళీ చేతులతో నడిచేటప్పుడు గోడ పట్టుకుని నిలదొక్కుకోవచ్చు. తల్లి భుజం మీద ఉన్నప్పుడు జారితే?

నాలుగు చక్రాలూ తిరిగే చాసిస్, అంటే బండి చట్రం, తీసుకుని ఈ మోటారు అందులో దించాలి. లోపల ఊళ్లో అలాంటి బండ్ల దుకాణం నడిపే చైతన్యకృష్ణకు ఫోన్ చేశారు. ఆయన రెండు చాసిస్‌లు పట్టుకుని తనే వచ్చాడు. ఏ నేల మీద నడపాలని ముందుగా అడిగాడు. సుభానీ అందుకుని, వీధంతా సిమెంటేననీ, ఆ తర్వాత కబరస్తాన్ గేటు దాకా కొత్తగా వేసిన తారేననీ, అద్దంలా ఉందనీ గొప్పగా చెప్పాడు. అయితే రోడ్డు బండే మేలన్నాడు చైతన్యకృష్ణ. మట్టి బండ్లు ఎత్తుగా ఉంటాయి, ఒంటెలా ఊగుతాయి, జనాజాకి పనికిరావు. ఆ మాట బాగుందన్నారందరూ.

రెండింట్లో ఒకటి షాఫ్టుది. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య ఇనుప కడ్డీ తిరుగుతుంది. రెండోది బెల్టుది. పళ్లున్న రబ్బరు పట్టీలు చక్రాలను తిప్పుతాయి. ఏది బాగుంటుందో నోటి మాటతో తేలదని జాన్‌బీ తన నవారు మంచాన్ని వీధిలోకి తెప్పించింది. దాని మీద వెల్లకిలా పడుకుని, సగం నిండిన టీ గ్లాసు గుండెల మీద పెట్టుకుని, ఎత్తండ్రా అంది.

సుభానీ, ఎదురింటి పానకాలు, ఇంకొకాయన మంచం కోళ్లు మూడు పట్టారు. ముందు ఎడమ కోడు నజీరుది. ఒక చేయి మంచానికి పోతుంది కాబట్టి రిమోట్ సిద్దికా పట్టుకుంది. ముందు పాత మోటారు దించిన షాఫ్టు బండి. మీట నొక్కగానే కడ్డీ తిరిగిన విసురుకి బండి ఒక పక్కకి ఒరిగింది, నజీరు భుజం దిగింది, టీ ఒలికింది. తర్వాత అదే మోటారుతో బెల్టు బండి. వీధి చివరిదాకా వెళ్లి వెనక్కొచ్చినా గ్లాసులో చుక్క కదల్లేదు. మంచం దించాక జాన్‌బీ లేచి కూర్చుని ఆ టీ తాగేసింది.

"నువ్వు బతికుండగానే ఇంత సుఖపడితే పోయేదెప్పుడత్తా?" అన్నాడు పానకాలు.

"పోతాలేరా, నీకు కోడు బరువైనట్టుంది," అంది జాన్‌బీ. అందరూ నవ్వారు. నజీరు నవ్వలేదు.

చైతన్యకృష్ణ దాపరికం లేని మనిషి. బెల్టుకో లోపముందని చెప్పాడు. మిర్చి గింజలు ఇరుక్కోవచ్చు. మించిన బరువు పడితే పళ్లు జారిపోయి, మోటారు తిరుగుతున్నా చక్రాలు ఆగిపోతాయి. షాఫ్టు అలా కాదు, మోటారు మాడిపోయేదాకా లాగుతూనే ఉంటుంది.

"అయితే షాఫ్టే ఇవ్వండి," అన్నాడు నజీరు. "దారిలో వదిలేసేది నాకొద్దు."

"పడుకునేది నేనా, నువ్వా?" అంది జాన్‌బీ. "టీ ఒలికింది నా మీద."

చచ్చేవాళ్లతో ఏం వాదిస్తాం? సాయంత్రం అసర్ నమాజుకు వేళైతే, మోటారు అక్కడే వదిలి, నజీరు కోపంగానే సుభానీ సైకిలెక్కి మసీదుకు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పాత మోటారు బెల్టు చాసిస్‌లో కూర్చుని ఉంది.

కల్లాల్లో కాయలు ఆరబోసి ఉండగా వాన పట్టింది. రైతులు పట్టాలు కప్పుకుంటూ పరుగులు పెడుతున్న ఆ పొద్దునే జాన్‌బీ కన్నుమూసింది. నోట్లో చివరిగా కలిమా ఉందని సిద్దికా చెప్పింది. అల్లా అందరికీ అలాంటి చావునే ఇవ్వాలి.

మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. స్నానం చేయించడం, కఫన్ గుడ్డ చుట్టడం అయ్యాయి. జనాజా వెంట ఆడవాళ్లు వెళ్లే ఆనవాయితీ లేదు. సిద్దికా రిమోట్ పట్టుకుని గుమ్మం దిగుతుంటే ఒకరిద్దరు ఇమాం గారి వైపు చూశారు.

"కాళ్లను ఇంట్లో పెట్టి మనిషిని రమ్మంటామా?" అన్నాడాయన. "గేటు దాకా రానివ్వండి."

తల్లి బరువు భుజం మీద పడింది. బండి కదిలింది. నజీరు నడిచాడు. మలుపుల్లో జారలేదు, గింజలు పడ్డచోట తడబడలేదు. వెనక నడిచేవాళ్లు కలిమా చదువుతూనే, ఎంత నెమ్మదిగా తీసుకుపోతున్నాడో చూడండని కళ్లతో చెప్పుకున్నారు. భుజం మార్చుకుంటానని సుభానీ రెండుసార్లు వచ్చినా నజీరు ఒప్పుకోలేదు. సమాధి దాకా తనే పట్టాలి.

గేటు దగ్గర తారు రోడ్డు అయిపోయింది. అవతల నల్లరేగడి. ఎండితే నెర్రెలిచ్చి, తడిస్తే బంకలా పట్టుకునే నేల. బండి అందులోకి దిగింది, చక్రాలు సగానికి కూరుకుపోయాయి. లోపల టకటకమని బెల్టు పళ్లు జారాయి. నజీరు తారు అంచు మీదే ఆగిపోయాడు. జనాజా ఒక్క ఊపు ఊగింది.

నొక్కమన్నాడు సిద్దికాతో. నొక్కింది. మోటారు పాడింది కానీ చక్రం తిరగలేదు. బురదలోంచి తీసి నాలుగడుగుల అవతల పెట్టాడు సుభానీ. అక్కడా అదే బురద, అదే టకటక. సుభానీ మోటారు మీద చెయ్యి పెట్టి చూసి, చల్లగానే ఉందిరా, దానికేం కాలేదన్నాడు.

"కాలిపోతే పోనీ. నడవనీ నన్ను," అన్నాడు నజీరు.

ఆకాశం మళ్లీ మూసుకొస్తోంది. ఇమాం గేటు వైపు చూశాడు. అది పడమర, నమాజుకు తిరిగే దిక్కు. నజీరు నిలబడిపోయిందీ అటు తిరిగే.

"ఇక్కడే దించండి," అన్నాడు. "జనాజా నమాజులో వంగేది లేదు, నేలకు నుదురానించే సజ్దా లేదు, నిలబడితే చాలు. నజీరూ, కొడుకువి, నీకు హక్కుంది. చదివించు."

తల్లిని అతని ముందు దించారు. వీధి వీధంతా అతని వెనక వరసలు కట్టింది. కదలని కాళ్ల మీద నిలబడి నజీరు చేతులెత్తి అల్లాహు అక్బర్ అని తక్బీర్ చెప్పాడు. వానచినుకులు పడుతున్నా ఎవరూ తల తిప్పలేదు. నమాజు ముగిస్తూ సలాం చెప్పాక అతని చోట సుభానీ భుజం పెట్టాడు. జనాజా రేగట్లోకి దిగి, ఊగుతూ, ఒరుగుతూ, చెట్ల చాటుకి వెళ్లిపోయింది.

గేటు బయట మొగుడూ పెళ్లాలే మిగిలారు. లోపల మట్టి పోస్తున్న చప్పుడు ఆగింది. మోకాళ్ల దాకా నల్లటి బురదతో ఒక్కొక్కరే బయటికి రావడం మొదలైంది. నజీరు పాదాలకు మాత్రం చుక్క అంటలేదు.

అప్పుడు సిద్దికా కొంగు ముడి విప్పింది. కవర్లో కొత్త బెల్టు.

అతను దాన్ని చూశాడు, ఆమెను చూశాడు. "ఇందాకే ఎందుకు వెయ్యలేదు?"

"అత్తమ్మ ఒట్టు వేయించుకుంది. మట్టి పోసి అందరూ తిరిగొచ్చాకే వెయ్యమంది." సిద్దికా రోడ్డు మీద చతికిలబడి బండిని ఒళ్లో పెట్టుకుంది. "మీరు అసర్ నమాజుకి వెళ్లారు చూడండి, ఆ రోజు ఆ కొట్టాయన్ని అడిగింది, రేగట్లో దిగితే రెండింట్లో ఏది ముందు చేతులెత్తేస్తది నాయనా అని. బెల్టు అన్నాడు. అయితే అదే పెట్టు, ఇంకొక బెల్టు కూడా ఇచ్చిపో అంది."

"లోపల రేగడని ఆమెకెలా తెలుసు? ఎప్పుడూ రాలేదుగా."

"మామయ్యను మట్టిలో పెట్టి వచ్చిన రోజు, నల్లటి బురద పట్టిన అందరి పంచెలూ తనే ఉతికిందట."

నజీరు గేటు లోపలికి చూశాడు. "మరి భుజం పట్టమని ఎందుకడిగింది?" అన్నాడు.

"మీ భుజం కావాలనే అడిగింది. ఇక్కడిదాకా చాలనుకుంది."

పాత బెల్టు తీసి, కొంగుతో చక్రాలు తుడిచి, కొత్తది ఎక్కించింది. బండిని తారు మీద పెట్టి, ఇంటి వైపు తిప్పి, మెల్లగా మీట నొక్కింది. నజీరు కాళ్లు కదిలాయి. వద్దనుకున్నా కదిలాయి. తడి రోడ్డు మీద, మిర్చి గింజల మీద, మలుపుల్లో ఎక్కడా తొణక్కుండా బండి అతన్ని తీసుకుపోయింది. ఆ నడకలో ఒక్క కుదుపన్నా ఉంటే బాగుండునని దారి పొడుగునా అతను అనుకుంటూనే ఉన్నాడు.