ప్రేమ్‌రాజ్ ఇత్తడి పట్టీ

ఎర్ర బల్బు వెలుగులో ప్రేమ్‌రాజ్ ఫిల్మును మందునీళ్లలోంచి ఎడమచేత్తో పైకెత్తి చూశాడు. కుడిచేతి మూడు వేళ్లకూ కట్లున్నాయి. 1938లో ఈ ఆబిడ్స్ ప్రసూతి ఆస్పత్రిలో చేరింది మొదలు ఇరవై ఆరేళ్లుగా, కదిలే రోగులను పట్టుకుని ఎక్స్‌రేలు తీసిన వేళ్లవి. ఆ కిరణాలకు పుండ్లు పడి ఇక మానలేదు. ఆ సాయంత్రమే నాంపల్లిలో మద్రాసు బండెక్కి, వేలూరు వెళ్లి ఆ వేళ్లను తీయించుకోవాలి. మళ్లీ పనికి రానక్కర్లేదని ఆస్పత్రివాళ్లు మర్యాదగానే చెప్పారు.

ఫిల్ములో సౌభాగ్య కడుపులోని తొమ్మిదో నెల బిడ్డ, కాళ్లు కిందికి, తల పైకి ఉంది. తల మరీ పెద్దది. తడి ఆరకముందే నర్మద డాక్టరమ్మ స్కేలు పెట్టి కొలిచి, మెదడులో నీళ్లు చేరాయని తేల్చేసింది. రేపు తలకు సూది గుచ్చి నీళ్లు తీస్తారు. తల్లి దక్కుతుంది, బిడ్డ దక్కదు.

ప్రేమ్‌రాజ్‌కు మనసొప్పలేదు. తల్లి వెల్లకిలా పడుకుంటే ఫిల్ము వీపు కింద ఉంటుంది. ఎదురుకాళ్ల బిడ్డ తల ఫిల్ముకు దూరంగా పైకి తేలుతుంది. గోడకు దూరంగా చెయ్యి పెడితే దీపపు నీడ పెద్దదైనట్టే ఇదీ. ఆ మాటే డాక్టరమ్మకు చెప్పాడు. ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇక్కడ డాక్టరెవరని అడిగింది.

“మీరేనమ్మా. కోపం జేయకుండ్రి. జర పక్కకు పండవెట్టి ఇంకొకటి తీస్తా. గా ఫిల్ము చూసినంక మీ ఇష్టం.”

ఆమె వార్డుకు వెళ్లిపోయింది. వద్దనలేదు కాబట్టి ప్రేమ్‌రాజ్ దాన్ని ఔననే లెక్కగట్టాడు.

సౌభాగ్యను పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. సెంటీమీటరుకో రంధ్రం చొప్పున తానే వేసుకున్న ఇత్తడి పట్టీని పొట్ట నడిమిన ప్లాస్టరుతో అంటించాడు. తల నీడ ఎంత పెరిగితే రంధ్రాల మధ్య దూరమూ అంతే పెరుగుతుంది, కొలత తప్పదు.

“కాకా, నా బిడ్డకు నిజంగనే గట్లున్నదా?” అని సౌభాగ్య అడిగింది.

చెప్పే హక్కు ఆయనకు లేదు, అబద్ధమాడటం రాదు. “ఇంకా తెల్వదు బిడ్డా. ఊపిరి బిగవట్టు.”

ఆమె వణుకుతోంది. ఎవరినీ పట్టుకోవద్దని వేలూరు డాక్టర్లు ఉత్తరంలో రాశారు. కట్ల చేత్తోనే భుజం అదిమిపట్టి, రెండో చేత్తో మీట నొక్కాడు.

డాక్టరమ్మ కొత్త ఫిల్ములో తల అడ్డానికి ఎన్ని రంధ్రాలు పడతాయో లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. మామూలు తలే. రేపటి ఆపరేషను చీటీని అడ్డంగా చింపి, తానే వెళ్లి సౌభాగ్యకు చెప్పింది. ఆ ఏడుపు వరండా దాకా వినిపించింది.

తర్వాత ఆమె చీకటి గదికి వచ్చింది. ప్రేమ్‌రాజ్ లేడు. భార్య మాబెల్ పెట్టె పట్టుకుని రిక్షాలో వచ్చి, ఆయన్ని స్టేషనుకు తీసుకుపోయిందని ఆయా చెప్పింది.

ఎప్పుడూ ఆయన చొక్కా జేబు దాటని ఇత్తడి పట్టీ, ప్లాస్టరు ముక్కతో సహా, తలుపు పక్క మేకుకు డాక్టరమ్మ చేతికందే ఎత్తులో వేలాడుతోంది.