కాగితం పాదం

వానకు నానిన ఎర్రమట్టి. వట్టికాళ్ళతో వాకిట్లో నిలబడితే వేళ్ళ సందుల్లోంచి చల్లగా పైకి తేలింది.

ముసలి టెంపీకి ఆ మట్టిని వదిలి బూట్లు తొడుక్కోవాలనిపించలేదు.

బూట్లంటే నొప్పి. పుట్టి బుద్ధెరిగిననాటి నుంచీ అంతే... ఆనెలు, బొబ్బలు, చర్చిలో పాట మధ్య బెంచీ కింద గుట్టుగా విప్పేసుకోవడం.

అలబామాలోని ఆ ఊరి కొట్టులో నల్లవాళ్ళు బూట్లు కొనొచ్చు. తొడుక్కుని మాత్రం చూడకూడదు. నల్లకాలు తగిలిన బూటును తెల్లవాళ్ళు కొనరట. అందుకే ఇంట్లో కుర్చీలో కూర్చుని, కాగితం మీద పాదం పెట్టి, చుట్టూ గీత గీసి, కత్తిరించి పట్టుకెళ్ళేవారు. కాగితానికి సరిపోతే తీసుకోవాల్సిందే.

ఈస్టరు నుంచి ఊళ్ళో నల్లవాళ్ళంతా పంతం పట్టి, ఆ కొట్టున్న వీధిలో ఏమీ కొనలేదు. కొట్టు ఈగలు తోలుకుంది. రంగును బట్టి మనుషుల్ని వేరుగా చూడకూడదన్న చట్టం మీద మొన్న వాషింగ్టన్‌లో సంతకం కూడా పడింది. యజమాని మెత్తబడ్డాడని, ఇక ఎవరైనా తొడుక్కుని చూడొచ్చన్నాడని కబురు.

కబురే... ఇంకా ఎవరూ వెళ్ళి చూడలేదు.

మేనకోడలు వెర్డెల్‌ని వెంటబెట్టుకుని టెంపీ ఆ గుమ్మం దాటింది. తీరా వాళ్ళు కాదంటే ఏ మొహం పెట్టుకుని తిరిగి రావాలి?

తెల్ల గుమాస్తా ఎదురొచ్చాడు. టెంపీ చెయ్యి దానంతటదే సంచీలోకి పోయింది. కాగితం పాదం తీసి చాపింది.

"కాళ్ళు వెంట తెచ్చుకున్నావుగా అత్తా. అదెందుకే?" అంది వెర్డెల్ నవ్వాపుకుంటూ.

గుమాస్తా యజమాని వైపు చూశాడు. యజమాని తల తిప్పుకున్నాడు.

"కూర్చోండి," అన్నాడు గుమాస్తా.

కూర్చుంది. మడమ కిందికి చల్లటి ఇనప కొలబద్ద వచ్చింది.

"ఇప్పుడు లేచి, బరువంతా ఆ కాలి మీద వెయ్యండి."

వేసింది. పాదం మెల్లగా పరుచుకుంది. కాగితాన్ని దాటి వెడల్పయింది, పొడుగయింది...

కూర్చుని గీసిన పాదం వేరు. నిలబడ్డ పాదం వేరు. ఇన్నేళ్ళూ ఆ సంగతి చెప్పినవాడు లేడు.

టెంపీకి ఒళ్ళు మండింది. ఆ వెనకే ఏడుపొచ్చింది.

అంతలో బూట్లు కాళ్ళకెక్కాయి.

ఎక్కడా నొక్కలేదు. కొట్టు ఆ చివరిదాకా నడిచింది. మళ్ళీ ఇటు నడిచింది. ఎక్కడా... ఎక్కడా నొక్కలేదు. అమ్మయ్య అనుకుంది, పైకే అనేసింది.

"సరిపోయాయిగా. ఇక కట్టించెయ్యనా?" అంది వెర్డెల్.

టెంపీ తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చుంది. నింపాదిగా పాదం ముందుకు చాపింది.

"సరిపోయాయి. ఆ నీలంవి కూడా తెమ్మను. వేసి చూస్తాను."